ఓదార్పు లేని కథకు అంతటి ఆదరణ ఎందుకు?

మరణం సంభవించిన ఇంట మొదటి మూడు రోజులు జనం కొరత ఉండదు. పొరుగువారు అన్నం వండి పంపుతారు. బంధువులు దూరపు ఊళ్ళ నుండి వస్తారు. ఖబ్రస్తాన్ నుండి తిరిగి వచ్చిన పెద్దలు గుమ్మం ముందు కూర్చుని, పోయినవారి మంచితనాన్ని తలచుకుంటారు. నాలుగవ నాటి నుండి ఎవరి పని వారిది. ఏడాది గడచిన తర్వాత కూడా ఆ ఇంటి తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కనిపిస్తే, "ఇంకా ఎన్నాళ్ళమ్మా?" అనే మాట మన నోటి నుండి అలవోకగా వెలువడుతుంది. ఆ మాటలో దురుద్దేశం ఉండదు. కాని దుఃఖానికి ఒక గడువు ఉంటుందనీ, ఆ గడువు దాటినవారిలో ఏదో లోపమున్నదనీ మనలో పాతుకుపోయిన ఒక భావన అందులో దాగి ఉంటుంది.

ఆ భావనను నిలదీసిన ఒక చలనచిత్రాన్ని గురించీ, దానిని విమర్శకులు స్వీకరించిన తీరును గురించీ ఈ నెల ముచ్చటించదలచాము. సినిమా ప్రస్తావన మన వంటి పత్రికకు అవసరమా అని కొందరు పాఠకులు అడగవచ్చు. మేము ఇక్కడ సినిమాను సిఫారసు చేయడం లేదు. లోకమంతటా లక్షలాది మంది చూసి, చర్చించుకున్న ఒక కథ మన ఇళ్ళలోని దుఃఖాన్ని గురించి ఏమైనా నేర్పుతుందా అని మాత్రమే పరిశీలిస్తున్నాము.

ఆ చిత్రం పేరు ‘మాంచెస్టర్ బై ద సీ’. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, సముద్రపుటొడ్డున ఉన్న ఒక చిన్న పట్టణం పేరు అది. రచయిత, దర్శకుడు కెన్నెత్ లోనర్గన్. ఆయన ప్రధానంగా నాటక రచయిత. దీనికి ముందు తీసిన చిత్రాలు రెండే. 2000లో వచ్చిన ‘యూ కెన్ కౌంట్ ఆన్ మీ’ బాల్యంలోనే తల్లిదండ్రులను ప్రమాదంలో పోగొట్టుకున్న అక్కాతమ్ముళ్ళ కథ. 2011లో విడుదలైన ‘మార్గరెట్’ ఒక స్త్రీ బస్సు ప్రమాదంలో మరణించడానికి తానూ కారణమని కుమిలిపోయే యువతి కథ. మూడింటిలోనూ ఒకే ప్రశ్న ఉన్నది: జరగకూడనిది జరిగిపోయిన తర్వాత బ్రతికి ఉన్నవారు ఎలా బ్రతకాలి?

కథ ఇది. లీ చాండ్లర్ అనే వ్యక్తి బోస్టన్ సమీపంలోని క్విన్సీలో ఇళ్ళ సముదాయానికి కాపలాదారుగా, మరమ్మతుల పనివాడుగా ఉంటాడు. నేలమాళిగలోని ఒక్క గది అతని నివాసం. ఎవరితోనూ మాట కలపడు. మద్యశాలలో అపరిచితులతో కయ్యానికి దిగుతాడు. ఒకనాడు అన్న జో గుండె జబ్బుతో మరణించాడన్న కబురు వస్తుంది. సొంత ఊరికి చేరిన తర్వాత, తన 16 ఏళ్ళ కుమారుడు ప్యాట్రిక్‌కు తమ్ముడే సంరక్షకుడని అన్న మరణశాసనంలో వ్రాసిపెట్టాడన్న సంగతి న్యాయవాది ద్వారా లీకి తెలుస్తుంది. ఆ మాట విని అతడు బెదిరిపోతాడు. ఎందుకు బెదిరిపోయాడో మనకు క్రమంగా తెలియవస్తుంది.

కొన్నేళ్ళ క్రితం లీ అదే ఊళ్ళో భార్యతో, ముగ్గురు పిల్లలతో కాపురముండేవాడు. ఒక శీతాకాలపు రాత్రి స్నేహితులతో త్రాగి, ఇల్లు వెచ్చగా ఉండాలని పొయ్యిలో దుంగలు వేసి, మరికొంత మద్యం కొనడానికి నడిచి వెళ్ళాడు. పొయ్యి ముందు నిలపవలసిన తెరను అడ్డుపెట్టానా లేదా అని దారిలో అనుమానం వచ్చినా వెనుదిరగలేదు. తిరిగి వచ్చేసరికి ఇల్లు మంటల్లో ఉన్నది. భార్య ర్యాండీని కాపాడగలిగారు. పిల్లలు ముగ్గురూ మరణించారు. లీ ఏమీ దాచకుండా జరిగినదంతా పోలీసులకు చెప్పాడు. తెర పెట్టడం మరచిపోవడం నేరం కాదని వారు అతనిని పంపివేశారు. శిక్ష పడుతుందని ఎదురుచూసినవాడికి ఆ విడుదల మరింత భరించరానిదయింది. అక్కడే ఒక పోలీసు తుపాకి లాక్కుని తనను తాను కాల్చుకోబోయాడు. పోలీసులు అతనిని పట్టి ఆపారు.

ఈ చిత్రం 2016 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారిగా ప్రదర్శింపబడింది. పెద్ద స్టూడియోల అండ లేకుండా, సుమారు 90 లక్షల డాలర్ల వ్యయంతో నిర్మించిన స్వతంత్ర చిత్రమిది. హాలీవుడ్ లెక్కల్లో అది చిన్న మొత్తమే. సన్‌డాన్స్‌లోనే అమెజాన్ సంస్థ 1 కోటి డాలర్లకు పంపిణీ హక్కులను తీసుకున్నది. అదే ఏడాది నవంబరులో థియేటర్లకు వచ్చింది. విమర్శకుల అభిప్రాయాలను అంకెల్లోకి మార్చే మెటాక్రిటిక్ దీనికి 100కు 96 ఇచ్చింది. నేషనల్ బోర్డ్ ఆఫ్ రివ్యూ ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రంగా ఎంపిక చేసింది. ఆరు ఆస్కార్ విభాగాలలో పోటీపడి, లీ పాత్రధారి కేసీ ఆఫ్లెక్‌కు ఉత్తమ నటుడి పురస్కారాన్ని, లోనర్గన్‌కు ఉత్తమ మౌలిక రచన పురస్కారాన్ని సాధించింది. ఇంటర్నెట్ ద్వారా చిత్రాలను అందించే సంస్థ పంపిణీ చేసిన చిత్రం ఒకటి ఉత్తమ చిత్రం విభాగంలో పోటీకి నిలవడం ఆస్కార్ చరిత్రలో అదే మొదటిసారి.

అంకెలు, బహుమతులు అటుంచుదాము. వినోదమూ, సుఖాంతమూ లేని ఈ కథలో విమర్శకులు ఏమి చూశారు? వారు మెచ్చుకున్న అంశాలలో మూడు మన ఆలోచనకు పనికివస్తాయి.

మొదటిది, జ్ఞాపకాలను చూపిన పద్ధతి. సాధారణంగా సినిమాలో గతాన్ని చూపేటప్పుడు తెర మసకబారడమో, రంగు మారడమో జరుగుతుంది. ఇందులో అటువంటి సూచన ఏదీ లేదు. న్యాయవాది ఎదుట కూర్చుని సంరక్షకత్వం గురించి వింటుండగానే, లీ కళ్ళ ముందు ఆ అగ్నిరాత్రి నిలుస్తుంది. మరుక్షణం మళ్ళీ న్యాయవాది గది. దుఃఖితునికి గతం అనేది గడచిపోయిన కాలం కాదనీ, అది వర్తమానంలోకి అనుమతి అడగకుండా చొరబడుతుందనీ ఏ సంభాషణా లేకుండా తెలియజేసిన తీరు విమర్శకులను ఆకట్టుకున్నది.

రెండవది, చిన్న విషయాల మీద చూపిన శ్రద్ధ. అగ్నిప్రమాదం జరిగిన ఉదయాన ర్యాండీని ఆంబులెన్సులోకి ఎక్కించబోతే స్ట్రెచర్ కాళ్ళు మడతపడక మొరాయిస్తాయి. ఘోర విపత్తు మధ్య కూడా అటువంటి అల్ప విషయాలు అడ్డుపడుతూనే ఉంటాయి. అన్న మరణించిన తర్వాత బాబాయి, కుర్రవాడు చలిలో వణుకుతూ కారు ఎక్కడ నిలిపామో గుర్తురాక వాదులాడుకుంటారు. ప్రేక్షకులు నవ్వుతారు. ఆ నవ్వు దుఃఖాన్ని తక్కువ చేయదు. మరణం జరిగిన ఏ ఇంట్లోనైనా పాల లెక్క, ఫోను బిల్లు, స్నానానికి నీళ్ళు, బడి ఫీజు ఆగవు కదా!

మూడవది, భూమి గడ్డకట్టిన సన్నివేశం. ఆ ప్రాంతపు చలికి నేల రాయిలా బిగుసుకుపోతుంది. సమాధి త్రవ్వడం సాధ్యం కాదు. కనుక వసంతం వచ్చేదాకా జో భౌతికకాయాన్ని శీతల గదిలో ఉంచవలసి వస్తుంది. తండ్రి మరణవార్త విన్ననాడు ఏడవని ప్యాట్రిక్, ఒక రాత్రి ఫ్రిజ్ తెరిచినప్పుడు గడ్డకట్టిన కోడిమాంసం పొట్లాలు జారి క్రింద పడగా, వాటిని తిరిగి లోపల పెట్టలేక ఒక్కసారిగా ఊపిరాడక కుప్పకూలిపోతాడు. ఎంతసేపటికీ తనకేమీ బాధ లేదన్నట్లు స్నేహితులతో, ఆటలతో తిరిగిన పిల్లవాడు అక్కడ బయటపడతాడు. జనాజాను ఆలస్యం చేయరాదన్న ఆనవాయితీ గల మన సమాజానికి ఈ నిరీక్షణలోని వేదన సులభంగానే అర్థమవుతుంది. గల్ఫ్‌లో కన్నుమూసిన ఇంటి మనిషి రాకకై వారాల తరబడి ఎదురుచూసిన తెలుగు కుటుంబాలకైతే వివరించవలసిన పనే లేదు.

ఇక అభ్యంతరాలు. అంతటి ప్రశంసల నడుమ కూడా విమర్శకులలో భేదాభిప్రాయాలు లేకపోలేదు.

ఎక్కువమంది తప్పుపట్టినది సంగీతాన్ని. అగ్నిప్రమాద ఘట్టమంతటా అల్బినోనీ పేరిట ప్రసిద్ధమైన ‘అడాజియో’ అనే విషాద సంగీతం పెద్ద ధ్వనితో సాగుతుంది. దృశ్యమే గుండెను పిండుతున్నప్పుడు వాయిద్యాలతో పనియేమున్నదని కొందరు అడిగారు. ఆ సంగీతం వల్లనే ఆ ఘట్టానికి ప్రార్థనా గీతపు గాంభీర్యం వచ్చిందని మరికొందరు సమర్థించారు. ఈ విధంగా పూర్వపు సంగీతాన్ని విరివిగా వాడినందువల్లనే, చిత్రానికి లెస్లీ బార్బర్ సమకూర్చిన స్వరాలు ఆస్కార్ మౌలిక సంగీత విభాగంలో పోటీకి అర్హత పొందలేదు.

రెండవ అభ్యంతరం మాకు మరింత ముఖ్యమైనదిగా తోచింది. ఆ ముగ్గురు పిల్లలూ తండ్రికి ఎంతో తల్లికీ అంతే. అయినా 137 నిమిషాల చిత్రంలో ర్యాండీ కనిపించేది కొద్ది నిమిషాలే. కథ పురుషుని మౌనాన్ని గొప్పచేసి, స్త్రీ శోకాన్ని అంచుకు నెట్టిందని కొందరు ఆక్షేపించారు. దీనికి బదులుగా సమర్థకులు చూపేది వీధిలో వారిద్దరూ ఎదురుపడే సన్నివేశాన్ని. ర్యాండీ మరొకరిని వివాహమాడింది. తోపుడు బండిలో పసిబిడ్డ ఉన్నది. ఆమె ఏడుస్తూ, ఆనాడు తాను అన్న కఠినమైన మాటలకు క్షమాపణ వేడుకుంటుంది. కలసి భోజనం చేద్దామంటుంది. లీ మాట తడబడుతుంది. తనలో ఏమీ మిగలలేదని చెప్పి తప్పించుకుని వెళ్ళిపోతాడు. ర్యాండీగా మిషెల్ విలియమ్స్ నటనను ప్రశంసించని సమీక్ష అరుదు. అయినా ఆక్షేపణలోని న్యాయాన్ని మేము కాదనలేము. మన ఇళ్ళలో కూడా బిడ్డ పోయినప్పుడు తండ్రి మౌనాన్ని ధైర్యమంటాము. తల్లి కన్నీటిని బలహీనత అంటాము. ఆ తల్లి మరుసటి ఏడాది మరో బిడ్డను ఎత్తుకుంటే, పాత దుఃఖం తీరిపోయిందని మనమే తీర్పు చెప్పేస్తాము. ర్యాండీ చేతిలో కొత్త బిడ్డ ఉన్నది. కంటిలో పాత బిడ్డలూ ఉన్నారు.

మూడవ అభ్యంతరం కథ ముగింపును గురించి. అన్న కొడుకు ఆప్యాయతతో లీ మారతాడనీ, ఊళ్ళోనే స్థిరపడతాడనీ ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు. ఒక రాత్రి పొయ్యి మీద గిన్నె పెట్టి లీ నిద్రలోకి జారుకుంటాడు. చనిపోయిన కూతుళ్ళు కలలో కనిపిస్తారు. మెలకువ వచ్చేసరికి గది నిండా పొగ. ఆ ఊళ్ళో, ఆ జ్ఞాపకాల మధ్య తాను పిల్లవాడిని కాపాడలేనని అతడు నిశ్చయించుకుంటాడు. జో స్నేహితుడు జార్జ్ కుటుంబం ప్యాట్రిక్‌ను దత్తత తీసుకునేలా ఏర్పాటు చేస్తాడు. ఎందుకు ఉండలేవని కుర్రవాడు అడిగితే, దీనిని తాను జయించలేకపోతున్నానని ఒప్పుకుంటాడు. ఇది నిరాశను నూరిపోయడమేనని కొందరు విమర్శకులు అన్నారు. రెండు గంటల్లో గాయాలు మాన్పే చిత్రాలు ఎన్నో ఉండగా, మానని గాయాన్ని మానలేదని చెప్పిన నిజాయితీ ఇందులో ఉన్నదని అధిక సంఖ్యాకులు కొనియాడారు.

ఈ వివాదంలో మనమెక్కడ నిలబడతాము? విశ్వాసి నిరాశకు లోనుకారాదన్నది మనకు చిన్ననాటి నుండి వస్తున్న బోధ. అయితే నిరాశ వేరు, ఆరని దుఃఖం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే మన ఇళ్ళలో ఎంతోమంది దుఃఖితులు రెట్టింపు భారాన్ని మోస్తున్నారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) గాథ మనకు తెలిసినదే. యూసుఫ్ (అలైహిస్సలాం) కోసం ఆయన ఏళ్ళ తరబడి విలపించారు. విలపించి విలపించి చూపు కోల్పోయారు. ఇంకా ఎన్నాళ్ళు తలచుకుంటావని ఇంటివారే విసుగుకున్నారు. అయినప్పటికీ సుందర సహనానికి మనం ఉదాహరణగా చెప్పుకునేది ఆయననే! ఆయన తన దుఃఖాన్ని దాచలేదు, దైవకారుణ్యం మీద ఆశను వదలలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సైతం పసివాడైన కుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు కన్నీరు కార్చారు. కన్నీరు సహనానికి శత్రువైతే ఈ రెండు ఉదంతాలూ మనకు అందేవి కావు.

ఈ దృష్టితో చూస్తే, లీ కథలో నిరాశ అక్కడక్కడ ఉన్నమాట నిజమే. తుపాకిని తన మీదికే త్రిప్పుకున్న క్షణం అటువంటిదే. దానిని ఏ విధంగానూ సమర్థించలేము. అయితే ముగింపును నిరాశ అనడానికి మేము సందేహిస్తాము. అతడు చేసిన చిన్న పనులను చూడండి. అన్న దాచిపెట్టిన తుపాకులను అమ్మించి, ఆ సొమ్ముతో పడవకు కొత్త ఇంజను వేయిస్తాడు. ఆ పడవ ప్యాట్రిక్‌కు తండ్రి మిగిల్చిన ప్రాణప్రదమైన జ్ఞాపకం. పిల్లవాడి బడి, స్నేహితులు, ఊరు చెదిరిపోకుండా ఒక మంచి కుటుంబాన్ని చూస్తాడు. తాను తీసుకోబోయే ఇంట్లో అదనపు గది ఒకటి ఉండాలని చూస్తున్నానంటాడు, ప్యాట్రిక్ ఎప్పుడైనా వస్తే ఉండడానికి. కథ మొదట్లో ఒక్క గదిలో తన్ను తాను బంధించుకున్న మనిషి, చివరికి మరొకరికి ఒక గది గురించి ఆలోచించాడు. గాయం మానలేదు, కాని తలుపు కొద్దిగా తెరుచుకున్నది.

ఈ కథ నుండి మన కుటుంబాలు తీసుకోదగిన విషయాలు కొన్ని ఉన్నాయి.

జో తమ్ముణ్ణి ఎంతగానో ప్రేమించాడు. బాబు పోషణకు డబ్బు ఏర్పాటు కూడా చేశాడు. కాని ఆ బాధ్యత మోయగలవా అని తమ్ముణ్ణి అడగలేదు. మన ఇళ్ళలో కూడా అనారోగ్యంతో ఉన్న పెద్దలు పిల్లల సంగతి మాట్లాడడం అశుభమనుకుని వాయిదా వేస్తారు. వసీయత్ వ్రాసినా ఆస్తి వరకే ఆలోచిస్తారు. నా తర్వాత నా బిడ్డను ఎవరు చూడాలి, వారికి అది సమ్మతమేనా, బిడ్డ మనసులో ఏమున్నది అనే మూడు ప్రశ్నలను బ్రతికి ఉండగానే ముఖాముఖి అడిగి తెలుసుకోవడం, కాగితం వ్రాయడం కన్నా ముందు చేయవలసిన పని.

రెండవది, ఓదార్పు ఎలా ఉండాలన్నది. కథలో లీకి హితబోధ చేసినవారు ఎవరూ అతనికి ఉపయోగపడలేదు. జార్జ్, అతని భార్య ఉపయోగపడ్డారు. మద్యశాలలో దెబ్బలు తిని పడిపోయినవానిని ఇంటికి తీసుకువచ్చి, ప్రశ్నలు వేయకుండా గాయాలు తుడిచారు. అక్కడే అతడు ఏడవగలిగాడు. దుఃఖితుని ఇంటికి మూడవ రోజు వెళ్ళడం తేలిక. మూడవ నెలలో వెళ్ళండి. చనిపోయినవారి పేరు ఎత్తడానికి జంకకండి. ఆ పేరు ఎవరైనా పలకాలని ఆ తల్లి ఎదురుచూస్తూ ఉండవచ్చు.

మూడవది, పిల్లల మౌనం. ప్యాట్రిక్ లాగా నవ్వుతూ తిరిగే పిల్లవాడు దుఃఖపడడం లేదని అనుకోకండి. అది ఏనాడో ఒక అల్ప కారణంతో బయటపడుతుంది. ఆనాడు కసురుకోకుండా ప్రక్కన కూర్చునే పెద్దవారు ఒకరు ఉంటే చాలు. లీ కూడా ఆ రాత్రి మాటలు రాక, కుర్రవాడి మంచం ప్రక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

చివరగా ఒక హెచ్చరిక. అమెరికాలో ఈ చిత్రాన్ని, 17 ఏళ్ళలోపు వారు పెద్దల తోడు లేకుండా చూడరాదన్న వర్గంలో చేర్చారు. సంభాషణల్లో అసభ్య పదాలు విరివిగా ఉన్నాయి. మద్యపానం, మన విలువలకు పొసగని యువతీయువకుల ప్రవర్తన కూడా ఉన్నాయి. కనుక ఇది ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే చిత్రం కాదు. ఇటీవల బిడ్డను పోగొట్టుకున్నవారికైతే అగ్నిప్రమాద ఘట్టం తట్టుకోలేనిది కావచ్చు.

కథలో మూడు ఫొటోలు ఉన్నాయి. లీ ఎక్కడికి వెళ్ళినా వాటిని గుడ్డలో భద్రంగా చుట్టుకుని వెంట తీసుకువెళతాడు. ఆ ఫొటోల్లో ఎవరున్నారో దర్శకుడు మనకు చూపించడు. ఒకనాడు ప్యాట్రిక్ వాటిని చూస్తాడు. ఏమీ అనడు. ఆనాటి నుండి బాబాయి పట్ల అతని మాట మెత్తబడుతుంది. మన బంధువులలో, ఇరుగు పొరుగులో ఇటువంటి ఫొటోలను గుండెలో చుట్టుకుని తిరుగుతున్నవారు ఎందరో ఉన్నారు. వారు మనకు వాటిని చూపకపోవచ్చు. మన మాట మెత్తబడడానికి అవి ఉన్నాయని తెలియడమే చాలును. దుఃఖితుల హృదయాలకు అల్లాహ్ ఊరటను, మనకు వారి ప్రక్కన నిలిచే ఓర్పును ప్రసాదించుగాక!